పార్కులో వినాయకుడు ఎవరి తరఫున కూర్చుంటాడు?

(టెక్సాస్‌లోని ఒక శివారు పట్టణంలో, వినాయక చవితి తరువాతి ఆదివారం తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో పెద్దలున్నారు, వెనుక బల్ల మీద పులిహోర ఉంది, మధ్యలో నేనున్నాను. ఎంతసేపు మాట్లాడాలో ఆ పోపు వాసనే చెబుతోంది. అయినా కాస్త ఓపిక పట్టండి.

నేను వకీలును కాను. నీటి పైపుల ఇంజనీరును. ఆరేళ్లు ఈ ఊరి పార్కుల సలహా మండలిలో కూర్చున్నాను. జీతం లేని పని. నెలకొకసారి బెంచీల గురించి, చెట్ల గురించి, కుక్కలను వదిలే చోటు గురించి మాట్లాడుకునే మండలి అది. అక్కడ కూర్చున్నాక తెలిసింది, ఊళ్లో దేవుడి పేరుతో వచ్చే తగాదాలన్నీ ఏదో ఒక రోజు పార్కుల మండలి గుమ్మం తొక్కుతాయని. ఆ ఆరేళ్లలో చదవక తప్పనివి చదివాను. అవే మీకు చెబుతాను.

సంగతి ఏమిటో మీకు తెలుసు. రెండు వారాలుగా మన వాట్సాప్ బృందంలో ఒక విన్నపం తిరుగుతోంది. ఊరి మధ్య పార్కులో, చెరువు గట్టున, మనం చందాలు వేసుకుని ఒక వినాయక విగ్రహం పెడదాం, నగర కౌన్సిల్‌ను స్థలం అడుగుదాం అని. నాలుగడుగుల నల్లరాయి. ఆళ్లగడ్డలో చెక్కిస్తారట. సంతకాలు బాగానే పడ్డాయి. నా సంతకం ఎందుకు లేదని ముగ్గురు ఫోను చేసి అడిగారు. ఒక పెద్దాయన అయితే, ఏమయ్యా, నీకు దేవుడంటే పడదా అన్నారు. పడుతుందండి. పడుతుంది కాబట్టే సంతకం పెట్టలేదు. ఎందుకో చెబుతాను.

ముందు మా ఊరి ముచ్చట ఒకటి. గుడివాడ దగ్గర మా ఊరి మూడు రోడ్ల కూడలిలో ఒక వేపచెట్టు ఉండేది. చెట్టు మొదట్లో ఒక రాయి. నేను రెండో తరగతిలో ఉండగా ఎవరో దానికి పసుపు రాసి బొట్టు పెట్టారు. నాలుగో తరగతికి చుట్టూ అరుగు వచ్చింది. ఆరో తరగతికి రేకుల పందిరి, ఎనిమిదో తరగతికి హుండీ, పదో తరగతికి సిమెంటు గోపురం, గోపురానికి దాతల పేర్ల పలక, పలక పైన మైకు. బస్సు డ్రైవర్లు అక్కడికి రాగానే వేగం తగ్గించి చిల్లర విసిరేవారు. తరువాత రోడ్డు వెడల్పు చేశారు. గుడి కదిలిందనుకుంటున్నారా? రోడ్డే వంగింది. ఇప్పటికీ లారీలు అక్కడ ఒక పక్కకు ఒరిగి వెళతాయి.

అనుమతి ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. ఎవరూ అడగనూ లేదు. ఇలాంటివి దేశమంతటా పెరిగి పెరిగి, 2009 సెప్టెంబరు 29న భారత సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చింది. వీధుల్లో, పార్కుల్లో, ప్రజా స్థలాల్లో గుడి అని, చర్చి అని, మసీదు అని, గురుద్వారా అని ఏ పేరుతోనూ కొత్తగా అనధికార కట్టడం లేవనివ్వవద్దని రాష్ట్రాలకు చెప్పింది. ఉన్నవాటిని ఒక్కొక్కటిగా పరిశీలించమంది. ఆ ఉత్తర్వు ఎంతవరకు అమలయిందో మీరు సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు చూసుకోండి, నేను చెప్పనక్కరలేదు.

ఇది ఎందుకు చెప్పానంటే, 'పార్కులో దేవుడు' అనగానే మన మనసులో మెదిలేది ఆ వేపచెట్టే. అక్కడ దేవుడు ముందు వస్తాడు, కాగితం తరువాత వస్తుంది, కొన్నిసార్లు రానే రాదు. ఇక్కడ కాగితం ముందు. ఆ కాగితం మీద కోర్టు అడిగే ప్రశ్న ఒక్కటే. ఇది ఎవరి మాట? ప్రభుత్వం మాటా, ప్రజల్లో ఒకరి మాటా? ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి. మళ్లీ మళ్లీ వస్తుంది.

రోడ్ ఐలండ్ రాష్ట్రంలో పాటకెట్ అని ఒక ఊరుంది. అక్కడ ఏటా క్రిస్మస్‌కు దుకాణాల వీధి పక్క పార్కులో నగరపాలక సంస్థ బొమ్మలు పెట్టేది. పశువుల పాక, అందులో బాలయేసు, మరియ, యోసేపు, దేవదూతలు, గొర్రెల కాపరులు. 1973లో ఆ పాక బొమ్మలను నగరం డబ్బుతో కొన్నారు, 1,365 డాలర్లు. ఇది మతం కాదా, ప్రజల డబ్బుతో ఎలా పెడతారని కొందరు కోర్టుకు వెళ్లారు. 1984లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు చీలి, పెట్టుకోవచ్చంది. ఎందుకు పెట్టుకోవచ్చంది? పాక ఒక్కటే లేదు కాబట్టి. పక్కన శాంటా ఇల్లు ఉంది, బండి లాగే దుప్పులున్నాయి, క్రిస్మస్ చెట్టు ఉంది, ఒక విదూషకుడి బొమ్మ, ఒక ఏనుగు, ఒక ఎలుగుబంటి బొమ్మ కూడా ఉన్నాయి. అన్నీ కలిపి చూస్తే పండుగ సందడే తప్ప మత ప్రచారం కాదన్నారు.

అమ్మా, దసరాకు మీ ఇంట్లో బొమ్మల కొలువు పెడతారు కదా? పై మెట్టు మీద రాముడు, సీత. కింది మెట్టు మీద కొండపల్లి ఏనుగు అంబారీ, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, పక్కన మీ అబ్బాయి ప్లాస్టిక్ కారు. ఇక్కడి సుప్రీంకోర్టు లెక్కలో అదే పాటకెట్. కారు ఉంటే చెల్లుతుంది, కారు తీసేస్తే చెల్లదు! నవ్వుతున్నారు. అయిదేళ్ల తరువాత పిట్స్‌బర్గ్‌లో అక్షరాలా అదే జరిగింది. 1989. కౌంటీ కోర్టు భవనంలో పెద్ద మెట్ల వరుస మీద పశువుల పాక ఒక్కటే పెట్టారు, పైన దేవుడికి మహిమ అని లాటిన్‌లో రాసిన పట్టీ పట్టుకున్న దేవదూత. చెల్లదన్నారు. కాస్త దూరంలో మరో ప్రభుత్వ భవనం ముందు 45 అడుగుల క్రిస్మస్ చెట్టు, దాని పక్కన 18 అడుగుల మెనోరా, అంటే యూదుల హనుక్కా దీపస్తంభం. అది చెల్లుతుందన్నారు. చెట్టు పక్కన ఉంది కాబట్టి అది చలికాలపు పండుగల సందడిలో భాగమట.

ఇప్పుడు నా ప్రశ్న. ఇందులో గెలిచినవాళ్లు ఏమని గెలిచారు? మా బొమ్మ అంత పవిత్రమైనది కాదు మహాప్రభో, ఇది ఏనుగు పక్కన నిలబడే అలంకారం అని ఒప్పించి గెలిచారు. ఆ దీపస్తంభాన్ని సమర్పించిన యూదు భక్తులకు అది అలంకారమా? ఎంతమాత్రం కాదు.

రేపు మనం కౌన్సిల్ ముందు నిలబడతాం. అక్కడ నగర న్యాయవాది అడుగుతారు, ఈ విగ్రహం పూజా వస్తువా అని. ఏమంటారు? అవును, విఘ్నేశ్వరుడు, మా తొలి దైవం అంటే, నగరం అసలు జంకుతుంది. కాదండీ, ఏనుగు తల ఉన్న ఒక సాంస్కృతిక చిహ్నం అంటే, తీసుకునే అవకాశం ఉంది. ఆ మాట అనగలరా? ఇక్కడ కూర్చున్న పెద్దల్లో ఎవరైనా మైకు ముందుకు వెళ్లి, వినాయకుడు దేవుడు కాదండీ, అలంకారం అని చెప్పి వచ్చి ఇంట్లో దీపం పెట్టుకోగలరా? నాకు చేతకాదు.

ఇంకొకటి. మన రాష్ట్రంలోనే, ఆస్టిన్‌లో శాసనసభ ఆవరణలో ఒక రాతి పలక ఉంది. ఆరడుగుల ఎత్తు. దాని మీద పది ఆజ్ఞలు. 1961లో ఈగల్స్ అనే సంఘం ఇచ్చింది. కేసు నాటికి ఆ 22 ఎకరాల ఆవరణలో రకరకాల స్మారకాలు 17 ఉన్నాయి. థామస్ వాన్ ఆర్డెన్ అని ఒకాయన, ఒకప్పటి వకీలు, అప్పటికి ఇల్లు కూడా లేదు, రోజూ దాని పక్కనుంచి న్యాయ గ్రంథాలయానికి నడిచి వెళ్లేవారు. ఆ గ్రంథాలయంలోనే కూర్చుని కేసు తయారు చేసుకున్నారు. నడిచి వెళ్లే దారిలో కనిపించిన రాయి మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లిన మనిషి! 2005 జూన్ 27న తీర్పు వచ్చింది. అయిదు, నాలుగు. ఓడిపోయారు. రాయి ఉండిపోయింది. అదే రోజు, అదే న్యాయమూర్తులు కెంటకీ కోర్టు భవనాల్లోని పది ఆజ్ఞలను చెల్లవన్నారు. అదీ అయిదు, నాలుగే.

ఒకే రోజు, ఒకే ఆజ్ఞలు, రెండు తీర్పులు. తేడా ఎక్కడ వచ్చింది? అటూ ఇటూ మొగ్గిన ఒకే ఒక్క న్యాయమూర్తి, బ్రేయర్. ఆస్టిన్ రాయి నలభై ఏళ్లు ఎవరూ కోర్టుకు లాగకుండా అక్కడుంది, ఇప్పుడు పీకితేనే గొడవ అన్నారాయన. కెంటకీవి 1999లో కావాలని తగిలించినవి. అంటే ఏమిటి? పాతదానికి ఒక మన్నన ఉంది. 2019లో మేరీలాండ్‌లోని బ్లాడెన్స్‌బర్గ్ శిలువ విషయంలోనూ అదే. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన 49 మంది పేరు మీద 1925లో నిలిపిన 40 అడుగుల శిలువ. ప్రభుత్వ స్థలంలోనే ఉంది, ఉండనివ్వండి అన్నారు, ఏడుగురు ఒకవైపు. ఆ తరువాత 2022లో, మైదానంలో ప్రార్థన చేసిన ఒక ఫుట్‌బాల్ శిక్షకుడి కేసులో, ఇకమీదట చరిత్రను, ఆనవాయితీని చూసి తేలుస్తాం అని కోర్టు గట్టిగా చెప్పేసింది.

చరిత్ర, ఆనవాయితీ. వినడానికి బాగుంది. మనకు మాత్రం అది ఎదురుగాలి. ఈ ఊళ్లో మన చరిత్ర ఎంత? ముప్ఫై ఏళ్లు. వాళ్ల రాయికి వయసుంది, మన రాయికి లేదు. ఆళ్లగడ్డ రాయి ఎన్ని కోట్ల ఏళ్లదైనా ఈ గట్టు మీద దాని వయసు సున్నా.

సరే, అసలు కేసుకు వస్తాను. విన్నపం రాసినవాళ్లు తప్పకుండా చదవాల్సింది ఇదే. యూటాలో ప్లెజంట్ గ్రోవ్ అని చిన్న ఊరు. అక్కడి పార్కులో దాతలిచ్చిన స్మారకాలు చాలా ఉన్నాయి, వాటిలో ఈగల్స్ వారి పది ఆజ్ఞల పలక ఒకటి. సాల్ట్ లేక్ సిటీలో సమ్మమ్ అని ఒక చిన్న మత సంఘం ఉంది. వాళ్లకు ఏడు సూత్రాలున్నాయి. వాళ్లు వచ్చి, పది ఆజ్ఞలకు చోటిచ్చారు కదా, మా ఏడు సూత్రాల రాయికీ చోటివ్వండి అన్నారు. మన విన్నపంలో ఉన్న వాదన కూడా ఇదే కదా, వాళ్లకిచ్చారు కాబట్టి మనకూ ఇవ్వాలి అని? నగరం కుదరదంది. 2009లో సుప్రీంకోర్టు ఒక్క గొంతుతో నగరం పక్షాన చెప్పింది. పార్కులో శాశ్వతంగా నిలిపిన రాయి, ఎవరు డబ్బిచ్చినా సరే, ప్రభుత్వం మాటే అంది. ప్రభుత్వం తనకు నచ్చిన మాట అంటుంది, నచ్చనిది అనదు. నువ్వు ఇచ్చావు కాబట్టి అది నీ మాట కాదు.

ఎవరి మాట? మనం చందా వేసి, మనం చెక్కించి, మనం ఓడలో తెప్పించిన వినాయకుడు, గట్టు మీద కూర్చున్న క్షణం నుంచి నగరం మాట అవుతాడు. నగరం ఆస్తి అవుతాడు. దానికి నగరం నంబరు పలక వేస్తుంది. పైపు పగిలితే పక్కకు జరుపుతుంది. నేను పైపుల ఇంజనీరును, నన్ను నమ్మండి, పైపు పగులుతుంది. కొత్త కౌన్సిల్ వచ్చి వద్దనుకుంటే గిడ్డంగిలో పెడుతుంది. అభిషేకం చేస్తామంటే నీళ్లు పోయవద్దంటుంది. దీపం పెడతామంటే అగ్నిమాపక నిబంధన అంటుంది. పూజారిగారూ, మీరు చెప్పండి. ప్రాణప్రతిష్ఠ చేస్తే నిత్య నైవేద్యం పెట్టాలా, వద్దా? ఎవరు పెడతారు, పచ్చిక కోసే కుర్రాడా? ప్రతిష్ఠ చేయకపోతే అది బొమ్మ. బొమ్మ కోసమా ఇన్ని సంతకాలు?

హనుమంతుడి సంగతి చెప్పి ముందుకు వెళతాను. ఓక్లహోమా శాసనసభ ఆవరణలో 2012లో పది ఆజ్ఞల రాయి పెట్టారు. మరుసటి ఏడాది సైతాను పేరు పెట్టుకున్న ఒక సంస్థ వచ్చి, మేమూ ఒక స్మారకం పెడతాం, చోటివ్వండి అంది, తరువాత మేక తల విగ్రహం నమూనా చూపించింది. వాళ్లు సైతానును పూజించేవాళ్లు కారు, మతాన్ని ప్రభుత్వంలో కలపవద్దని ఇలా కవ్విస్తారు. అదే సమయంలో నెవాడాలోని ఒక హిందూ సంఘం హనుమంతుడి విగ్రహానికి చోటడిగింది. అంటే ఆ డిసెంబరులో పత్రికల్లో మన ఆంజనేయస్వామి ఎవరి పక్కన నిలబడ్డాడు? సైతాను పక్కన. వరుసలో ముందు అతనున్నాడు, వెనుక మనవాడున్నాడు. ఆ సంఘం మనసులో ఏముందో కానీ, చూసేవాళ్లకు రెండూ ఒకే రకం కవ్వింపుగా కనిపించాయి. అధికారులు అన్ని దరఖాస్తులనూ ఆపేశారు. 2014లో ఒకతను కారుతో వచ్చి ఆ పది ఆజ్ఞల రాయిని గుద్ది పగలగొట్టాడు. మళ్లీ పెట్టారు. 2015లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీసేయమంది, తీసేశారు. హనుమంతుడికి చోటు రాలేదు. స్వామికి మనం తెచ్చిపెట్టిన మర్యాద అది.

మన దేవుడికి ఇక్కడ చోటే లేదని నేను అనడం లేదు. షుగర్ ల్యాండ్‌కు మీలో సగం మంది వెళ్లి వచ్చారు. అష్టలక్ష్మి ఆలయంలో 90 అడుగుల హనుమంతుడు, 2024 ఆగస్టులో ప్రతిష్ఠ, చిన జీయర్ స్వామి సంకల్పం. ఎవరి నేల? ఆలయం నేల. అక్కడ పూజ చేస్తారు, పాలు పోస్తారు, ఆయన దేవుడేనని ధైర్యంగా చెబుతారు. గిట్టనివాళ్లు వచ్చి నిరసన తెలిపారు. 2025లో ఒక రాజకీయ అభ్యర్థి ఆ విగ్రహాన్ని ఎందుకు ఉండనిస్తున్నాం అని రాశారు. స్వామి కదిలాడా? కదల్చలేరు. సొంత నేల మీద మత స్వేచ్ఛ ఉంది, దానికి తోడు గుళ్లూ చర్చీలూ కట్టుకునేటప్పుడు స్థానిక అధికారులు అన్యాయంగా అడ్డుపడకుండా 2000లో చేసిన కేంద్ర చట్టం ఉంది. అదే విగ్రహం నగరం పార్కులో ఉంటే ఆ అభ్యర్థి మాటకు కౌన్సిల్ ఓటు సరిపోయేది.

మరి ఊరి స్థలంలో మనకేమీ వద్దా? కావాలి. అడగాల్సింది వేరే. రాయి అడగవద్దు. సాయంత్రం అడగండి.

బాస్టన్ నగర భవనం ముందు మూడు జెండా కర్రలున్నాయి. మూడోదాని మీద నగరం జెండా ఎగురుతుంది. ఏదైనా సంఘం కార్యక్రమం పెట్టుకుంటే ఆ కాసేపూ వాళ్ల జెండా ఎగరేయనిచ్చేవారు. 2005 నుంచి 2017 వరకు 284 సార్లు అలా ఇచ్చారు, ఒక్కసారి కూడా కాదనలేదు. 2017లో ఒకాయన క్రైస్తవ జెండా అన్నారు. కుదరదన్నారు. 2022లో సుప్రీంకోర్టులో తొమ్మిదికి తొమ్మిది మంది నగరానిదే తప్పన్నారు. అడిగినవాళ్లందరికీ ఇచ్చారు, ఏ జెండానూ చూసి ఎంచలేదు, కాబట్టి అది నగరం మాట కాదు, ఎగరేసినవాళ్ల మాట. ఎగరేసినవాళ్ల మాట అయినప్పుడు, మతం ఉంది కాబట్టి నీకివ్వం అనడానికి వీల్లేదు.

చూశారా తేడా? శాశ్వతమైతే వాళ్ల మాట, వాళ్ల ఇష్టం. వంతు పెట్టి అందరికీ ఇచ్చేదైతే మన మాట, మన హక్కు. ఒక మెలిక కూడా చెప్పాలి. తీర్పు తరువాత బాస్టన్ ఏం చేసింది? నిబంధనలు మార్చి, ఇకమీదట నగరం ఎంచిన జెండాలే అంది. అంటే తలుపు తెరిస్తే అందరికీ తెరవాలి, కానీ మూసే హక్కు కూడా వాళ్లకుంది. అందుకే తలుపు తెరిచి ఉన్నప్పుడు పక్కవాడు వస్తే మనం గొణగకూడదు. మన తరువాతి శనివారం అదే మైదానంలో మనకు నచ్చని గుంపు వచ్చి పాడుకుంటుంది. పాడుకోనివ్వండి. వాళ్లను ఆపమని మనం లేఖ రాశామా, మూసుకునే తలుపు మనదీ అవుతుంది.

పిల్లల బడి సంగతి అడిగారు ఒకరు, చీటీ వచ్చింది. క్లుప్తంగా చెబుతాను. 2025లో మన రాష్ట్రం చట్టం చేసింది, ప్రభుత్వ బడుల్లో ప్రతి తరగతి గదిలో కనీసం 16 అంగుళాలు, 20 అంగుళాల కొలతతో పది ఆజ్ఞల పటం పెట్టాలని. ఎవరైనా విరాళంగా ఇస్తే బడి తీసుకోవాలి. 1980లో కెంటకీలో ఇలాంటి చట్టాన్నే సుప్రీంకోర్టు కొట్టేసింది, అప్పుడూ అయిదు, నాలుగే, అప్పుడూ పటాలకు డబ్బు విరాళాలదే. టెక్సాస్ చట్టం మీద కోర్టుకు వెళ్లిన కుటుంబాల్లో క్రైస్తవులున్నారు, యూదులున్నారు, ఏ మతమూ పాటించనివాళ్లున్నారు, హిందువులూ ఉన్నారు. మీలో కొందరు, పక్కన సరస్వతీదేవి పటం కూడా పెట్టమని అడుగుదాం అంటున్నారు. నా మాట వినండి. ఏడేళ్ల పిల్ల గోడ మీద బడి పెట్టిన పటం చూస్తుంది. అది ఎవరి మాట? బడి మాట. బడి ఆ పిల్లకు దేవుడి గురించి ఏమీ చెప్పనక్కరలేదు, మన దేవుడి గురించి కూడా. అది మన ఇంటి పని.

చివరిగా మన నిమజ్జనం. పోయిన ఏడాది ఆ అనుమతి కాగితం నింపింది నేనే. కార్యక్రమం పేరు, గంటలు, మనుషులు, శబ్దం, చెత్త ఎవరు తీస్తారు. మతం గురించి ఒక్క గడి కూడా లేదు. కౌంటర్ దగ్గర అమ్మాయి రెండే ప్రశ్నలు అడిగింది. విగ్రహం ఎత్తెంత, చెరువులో వేస్తారా? చెరువులో వేయం, తొట్టి తెచ్చుకుంటాం అన్నాను. పిల్లలు ఆడుకునే నీలం రంగు ప్లాస్టిక్ తొట్టి, అడుగున చేప బొమ్మలున్నది, మా ఎదురింటివాళ్ల దగ్గర తెచ్చాం. మట్టి వినాయకుడు కదా, ముందు తొండం కరిగింది, తరువాత చెవులు. పిల్లలు తొట్టి చుట్టూ మోకాళ్ల మీద కూర్చుని కన్ను ఆర్పకుండా చూశారు. కుక్కను తిప్పుకుంటూ వచ్చిన ఒకావిడ ఆగి, బొమ్మను ఎందుకు పాడుచేస్తున్నారు అని అడిగింది. మా పక్కింటి బామ్మగారు తెలుగులోనే సమాధానం చెప్పి ఒక కుడుము చేతిలో పెట్టారు. తిన్నది. కుక్కకు కూడా అడిగింది, పెట్టాం. ఆ మట్టి నీళ్లు మా ఇంటి వెనుక దానిమ్మ చెట్టుకు పోశాను. మరునాడు ఉదయం పార్కులో చూస్తే తొట్టి గుర్తు గడ్డి మీద గుండ్రంగా ఉంది, అంతే.

దీపావళికి నగర భవనం ముందు మైదానం శనివారం ఖాళీగా ఉంది, మొన్ననే అడిగి వచ్చాను. దరఖాస్తులు తలుపు పక్క బల్ల మీద పెట్టాను. ప్రమిదలకు అగ్నిమాపక శాఖ సంతకం వేరే కావాలి, దానికి మూడు వారాలు పడుతుంది. మనుషుల సంఖ్య దగ్గర తక్కువ వేయకండి. పోయినసారి అరవై అని రాసి, రెండు వందల ముప్ఫై మంది వచ్చి, నాలుగో చెత్త డబ్బా మా కారులో వెళ్లింది. పదండి, పులిహోర చల్లారిపోతోంది.